పుర్రచేతి వరసలు

మెయిలు వచ్చేసరికి ప్రీతి జామకాయ ముక్కని ఉప్పూకారంలో అద్దుతోంది. ఆ ముక్కలు జేమ్స్ కోసినవి. ఒకటి వేలంత, ఇంకొకటి అరచేతంత. ఉప్పూకారం కాగితంలో మందుల పొట్లంలా మడిచి, పైన పెన్నుతో ‘రోజుకి మూడుసార్లు, భోజనానికి ముందు’ అని రాశాడు. పెళ్ళయి నలభై ఒక్క రోజులైంది. పొట్లం పారెయ్యబుద్ధి కాక ప్రీతి దాన్ని కీబోర్డు కింద దాచుకుంది.

మెయిలు హెలెన్ గారి దగ్గర్నుంచి. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కెల్సీ ఫాల్స్ అని పద్నాలుగు వేల జనం ఉన్న ఊరు. ఆ ఊరి మునిసిపాలిటీ తన పాత కట్టడాల చరిత్రని పుస్తకంగా వేస్తోంది. ఆ పని చూసేది హెలెన్. అక్కణ్ణుంచి ఫోటోలూ కొలతలూ వస్తాయి. గుడివాడలో విత్తనాల దుకాణం మేడ మీద, ఆరు కంప్యూటర్ల ఆఫీసులో, ప్రీతి వాటిని చూసి ఒక్కో భవనం ముఖాన్ని గీతల్లోకి దింపుతుంది. షీటు కింద ‘పరిశీలనలు’ అని ఒక గడి ఉంటుంది. కంటికి ఆనింది అందులో రాయాలి.

అయిదు నెలల్లో నూట ఎనభై భవనాలు గీసింది. ఇప్పుడా ఊళ్ళో కళ్ళు మూసుకుని నడవగలదు. పెద్ద అగ్నిప్రమాదం తర్వాత కర్ర ఇళ్ళు పోయి ఇటుక ఇళ్ళొచ్చిన వీధి ఏదో, వరద నీళ్ళు ఏ బ్యాంకు ఎన్నో మెట్టు దాకా వచ్చి ఆగాయో, పోత ఇనప స్తంభాలకి రాతి రంగు పూసి జనాన్ని నమ్మించిన చెప్పుల షాపు ఏదో ఆమెకి తెలుసు. ఆ చెప్పుల షాపంటే మరీ ఇష్టం. దాని బొమ్మ జేమ్స్‌కి పంపించి, ‘మనిల్లు ఇలా కడదాం’ అంది కూడా.

మెయిల్లో ఉన్నది ఫౌండ్రీ వీధి ముప్పైనాలుగో నంబరు గురించి. మూడంతస్తుల సభా భవనం. గుమ్మం పక్కన పాలరాతి పలక మీద కట్టించినవాళ్ళ పేర్లు, కంట్రాక్టరు పేరు, 1891 అని సంవత్సరం. మూడు వారాల కిందట ప్రీతి ఆ షీటు కింద రాసింది: ‘కింది అంతస్తు ఇటుక పని ఎడంచేతి వాటం మేస్త్రిది. పైన రెండూ వేరే చేతులు.’

హెలెన్ ఇలా రాసింది. ‘మా ఊళ్ళో మిసెస్ టర్నర్ అని ఎనభై మూడేళ్ళావిడ ఉన్నారు. నల్లజాతి కుటుంబం. ఆ హాలు మొదలుపెట్టింది తన ముత్తాతేననీ, ఆయనది ఎడం చెయ్యనీ, సగంలో ఆయన్ని పంపించేసి వేరేవాళ్ళతో కట్టించారనీ ముప్పై ఏళ్ళుగా మునిసిపాలిటీకి ఉత్తరాలు రాస్తున్నారు. రుజువేదని మేం అడుగుతూ వచ్చాం. మీ వాక్యం చదివాక నిచ్చెన వేసుకుని గోడ చూశాం. నిజమే. పుస్తకంలో ఆ పేజీ మారుస్తున్నాం. దీన్ని కనిపెట్టింది ఎవరు? ఆయనో, ఆవిడో, వారి పేరు పుస్తకంలో వెయ్యాలి. గురువారం మీ సాయంత్రం ఆరున్నరకి వీడియోలో మాట్లాడదాం. మిసెస్ టర్నర్ కూడా ఉంటారు.’

ప్రీతి గట్టిగా నవ్వేసింది. కారం ముక్కులోకి పోయి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ కళ్ళు తుడుచుకుంటూనే వెంకటరమణ గారి గదిలోకి పరిగెత్తింది.

ఆఫీసు ఆయనదే. మెయిలు అప్పటికే ఫోన్లో చదివేశాడు.

“తలుపేసి రా.”

“చూశారా సార్?”

“చూశా. ఆ ముక్క ఎవరు రాశారు?”

“నేనే సార్. అంటే రాసింది నేను, చెప్పింది మా మావయ్యగారు. బందర్లో తాపీ మేస్త్రి, జీవానందం అని. ఆదివారం వరండాలో పని చేసుకుంటుంటే వెనక నిలబడి చూసి, ‘వీడిది పుర్రచెయ్యి’ అన్నారు. ఇటుకల సందుల్లో సున్నం మాలు ఒరిగిన తీరు చూసి చెప్పేశారు సార్! సాయంత్రం ఎండలో తీసిన ఫోటో కదా, నీడ పడి...”

అంతా ఒక్క ఊపిరిలో చెప్పాక గాని ఆమె ఆయన మొహం చూడలేదు.

“క్లయింటు ఫోటోలు ఇంటికి పట్టుకెళ్ళి తాపీ మేస్త్రికి చూపించావు.”

“ఇంట్లో చేసుకోమన్నది మీరే కద్సార్, పెళ్ళి సెలవులకి బదులు.”

“పని చేసుకోమన్నాను. వీధిలో తెర కట్టి సినిమా వెయ్యమన్లేదు.” ఆయన ఆఫీసు లెటర్‌హెడ్ ఒకటి తీసి ఆమె ముందుకి తోశాడు. పైన శ్రీనివాసరావు పేరు, పక్కన ‘పురాతన కట్టడాల నిపుణులు’ అని ఉంది. “ముప్పై అయిదేళ్ళ సర్వీసున్న ఇంజనీరు ప్రతి గోడా చూస్తాడని చెప్పి ఈ పని తెచ్చుకున్నాం. ఇప్పుడు తట్టలు మోసేవాళ్ళు చూశారని చెప్పమంటావా?”

“తట్టలు మోసేవాళ్ళు కాదు సార్. మేస్త్రి.”

“మాకు రెండూ ఒకటేనమ్మా.” ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “కాగితం టైపు చేయిస్తున్నా. ఆ పరిశీలన శ్రీనివాసరావు గారిది. బయటివాళ్ళెవరూ ఫోటోలు చూళ్ళేదు. గురువారం లోపల సంతకం పెట్టు. లేదంటే శుక్రవారం నుంచి బందరు బండిలో నీ సీటు ఇంకొకళ్ళకి దొరుకుతుంది.”

ప్రీతి లెటర్‌హెడ్‌ని ఆయన వైపుకి తోసేసింది.

“అయినా మీ ఇళ్ళల్లోవాళ్ళకి పుస్తకంలో పేరు దేనికమ్మా? చదివేదెవరు?”

‘మీ ఇళ్ళల్లో’ అన్నప్పుడు ఆయన గొంతు పెంచలేదు. రోజూ అనే మాటలాగే అన్నాడు. ఆమె సీటుకి తిరిగొచ్చి మిగిలిన జామకాయ ముక్కలు ఒక్కొక్కటే తింది. ఉప్పూకారం అద్దుకోవడం మర్చిపోయింది.

బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. కవుతరం దాటాక తడి చేలల్లో కొంగలు, అన్నీ ఒకే వైపు మొహం పెట్టుకుని, ఎవరో వరసగా పేర్చినట్టున్నాయి. అంత కోపంలోనూ ప్రీతికి అది నచ్చింది. ఫోటో తీసి జేమ్స్‌కి పంపింది.

జేమ్స్ బందరు స్టేషన్ బయట మోటారుసైకిలు మీద ఉన్నాడు. కృత్తివెన్ను రొయ్యల చెరువుల దగ్గర నీటి పరీక్షలు చేస్తాడు. సంచిలో సీసాలు గలగలలాడుతున్నాయి. జరిగిందంతా విని, “మీ బాసుని సీసాలో పట్టివ్వు, పరీక్ష చేసి చెప్తా. ఉప్పు శాతం ఎక్కువున్నట్టుంది,” అన్నాడు.

“నవ్వకండి. మావయ్యగారికి ఎలా చెప్పను?”

“పేరు గురించి చెప్పు, సంతోషిస్తాడు. మిగతాది చెప్పేటప్పుడు మాత్రం నా హెల్మెట్ పెట్టుకో.”

పెరట్లో అత్తగారు ప్రేమమ్మ చేపలు తోముతోంది. బూడిద పూసిన చేపని ఎడంచేత్తో పట్టి నాపరాతి మీద రాస్తోంది. ఒక్కో చేపకీ అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, అంతే. నాలుగోసారి అక్కర్లేదని ఆమె చేతికి ముందే తెలిసినట్టుంటుంది. వచ్చిన కొత్తలో ప్రీతి అది చూస్తూ కాఫీ చల్లార్చుకుంది.

భోజనాల దగ్గర జేమ్సే ఎత్తుకున్నాడు. “నాన్నా, నీ పేరు అమెరికా పుస్తకంలో వేస్తారట.”

జీవానందం ముద్ద కలుపుతున్నవాడు ఆపాడు. పెళ్ళయిన రోజు నుంచీ ఆయన ప్రీతితో మాట్లాడిన మాటలు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఆదివారం పుర్రచేతి మేస్త్రి గురించి చెప్పిన నాలుగు వాక్యాలే వాటిలో పొడుగైనవి. అందుకే ఆ వాక్యాలు ఆమెకి పెళ్ళికి వచ్చిన కానుకల్లో ఒకటిగా అనిపించాయి.

“ఎవడు చెప్పమన్నాడు నా పేరు?”

“వాళ్ళే అడిగారు మావయ్యగారూ, ఎవరు కనిపెట్టారని.”

“నన్నడిగావా నువ్వు? చెప్పే ముందు నన్నొక మాట అడిగావా?”

ప్రేమమ్మ పులుసు గరిటె ఎడంచేతిలోకి తీసుకుంది. జీవానందం అటు చూశాడు. చూశాడంతే. గరిటె కుడిచేతిలోకి మారింది. పులుసు కంచం అంచు దాటి చాప మీద పడింది.

“ఆ గోడ గురించి నాకేం తెలీదు. నేనేం చూళ్ళేదు. అలాగే రాసెయ్.”

“బందర్లో ఇన్ని గోడలు కట్టారు. ఒక్కచోటైనా మీ పేరుందా?”

“పడిపోయినప్పుడు అడుగుతారులే నా పేరు.” ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. “పెళ్ళికి ముందే చెప్పా వీడికి, చదువుకున్న పిల్ల వద్దురా అని. ఇంట్లో అన్న మాటని పట్టుకెళ్ళి కాగితం మీద పెడతారు వీళ్ళు.”

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ప్రేమమ్మ చాప మీద పులుసు తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

“అత్తయ్యా, నేనేం తప్పన్నాను?”

“నువ్వు తిను. చేప చల్లారితే నీసు కొడుతుంది,” అంది ప్రేమమ్మ తలెత్తకుండా.

మంగళవారం శ్రీనివాసరావు ఆఫీసుకొచ్చాడు. రిటైరైన ఇంజనీరు. నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి, కాఫీ తాగి వెళ్తాడు. వెంకటరమణ ఆయన్ని పెద్ద తెర ముందు కూర్చోబెట్టి, ఫౌండ్రీ వీధి గోడని తెర నిండా పెట్టించాడు.

“గురువారం ఆవిడ అడిగితే మీరు చెప్పాలి. అమ్మాయ్, వివరంగా చెప్పు సార్‌కి.”

శ్రీనివాసరావు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. “ఇందులో చెయ్యెక్కడుందమ్మా? నాకు ఇటుకలే కనపడుతున్నాయి.”

“ఇటుక పెట్టాక సందులో మాలుని తాపీతో నొక్కుతారు కద్సార్. నొక్కినప్పుడు ఒక అంచున సన్నగా పెదవిలా మిగులుతుంది. కుడిచేతివాళ్ళకి ఒక పక్క, పుర్రచేతివాళ్ళకి రెండో పక్క.”

“ఏ పక్క?”

ప్రీతి తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. “ఇదిగో, ఇక్కడ.”

“అది పై అంతస్తు కదమ్మా. ఎడం చెయ్యి కిందన్నావుగా?”

ఆమె వేలు తీసేసింది. కింది అంతస్తు చూసింది. పైది చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఎర్రటి ఇటుకలు, తెల్లటి సందులు, సాయంత్రపు నీడ. మూడు వారాల కిందట తను విన్న మాట రాసింది. చూసి రాయలేదు. ఆ సంగతి ఇప్పుడే, వీళ్ళిద్దరి ముందూ తెలిసింది.

“సరిపోయింది,” అన్నాడు వెంకటరమణ. “నిపుణులకీ తెలీదు, రాసినావిడకీ తెలీదు.”

అప్పుడే ఇంకో మెయిలొచ్చింది. నాలుగు కొత్త ఫోటోలు. లైబ్రరీ వెనక గోడ, పాత రైల్వే స్టేషను, ఒక చర్చి, ఒక గుర్రపుశాల. వీటిలో ఏది అదే చెయ్యి కట్టిందో చెప్పగలరా అని హెలెన్ అడిగింది. గురువారం ఆ నాలుగింటి గురించే మాట్లాడదామంది.

శ్రీనివాసరావు నాలుగూ చూసి, “అన్నీ అతనివే అనేద్దాం. ముసలావిడ సంతోషిస్తుంది,” అన్నాడు.

“తప్పయితే?” అన్నాడు వెంకటరమణ.

“ఎవడు చూడొచ్చాడు?”

“నిచ్చెనేసుకుని చూశారు కద్సార్,” అంది ప్రీతి.

వెంకటరమణ ఆమె వైపు తిరిగాడు. తర్వాత ఆ నాలుగు ఫోటోలూ పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించి, గొట్టంలా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఆమె చేతికిచ్చాడు.

“రేపు ఆఫీసుకి రాకు. ఇంట్లోనే ఉండి మీ మేస్త్రి చేత చెప్పించి, రాసి పంపించు. సార్ బట్టీపడతారు.”

“నిన్న బయటివాళ్ళకి చూపించానని తిట్టారు సార్.”

“ఇవాళ చూపించమంటున్నా. కాగితంలో మాత్రం నిన్నటిదే ఉంటుంది. సంతకం మర్చిపోకు.”

బుధవారం మధ్యాహ్నం అన్నం క్యారేజీ ప్రీతే పట్టుకెళ్ళింది. చిలకలపూడి దారిలో ఎవరిదో కొత్త ఇల్లు. ఇటుకల దుమ్ము, తడిసిన ఇసుక వాసన. జీవానందం పరంజా మీద ఉన్నాడు. కింది నుంచి ఇద్దరాడవాళ్ళు తట్టలతో మాలు అందిస్తున్నారు. ఆయన తట్టలోంచి తాపీతో ఒక్క ఎత్తు ఎత్తి, వరస మీద పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి, బయటికొచ్చిన మాలుని కోసి మళ్ళీ తట్టలోకి విసురుతున్నాడు. అయిదు నెలలుగా గోడలు గీస్తున్న ప్రీతి ఒక గోడ లేవడం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఎంత బాగుందో! చుట్టిన ఫోటోలు చంకలో ఉన్న సంగతి కూడా ఒక నిమిషం మర్చిపోయింది.

“మీ అత్తేది?” పైనుంచే అడిగాడు.

“నేనే తెస్తానన్నాను. మీతో మాట్లాడాలి మావయ్యగారూ.”

“ఆ చుట్టలేవిటి? పటాలా? నీ ఆఫీసు ఇక్కడికి కూడా తెచ్చావా?” తట్టలు మోసేవాళ్ళిద్దరూ నవ్వారు. “కోడలు మనకి గోడ కట్టడం నేర్పడానికొచ్చిందర్రా!”

ప్రీతి క్యారేజీని ఇటుకల మీద పెట్టింది. “నాలుగు ఫోటోలు చూసి చెప్పించుకు రమ్మన్నారు. కానీ ముందే చెప్తున్నా, మీ పేరు వెయ్యరు. శ్రీనివాసరావు గారి పేరు వేస్తారు. మీరెవరో తెలీదని నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే ఉద్యోగం తీసేస్తారు. నాకు పెట్టాలని లేదు.”

“ఎందుకు లేదు? పెట్టి పారెయ్.”

“కనిపెట్టింది మీరు గనక.”

జీవానందం చేతిలో ఇటుక ఉంది. దాన్ని వరసలో పెట్టలేదు. కిందికి దిగి, తాపీని నీళ్ళ డబ్బాలో ముంచి, బొటనవేలితో అంచు తుడిచాడు. ఆడవాళ్ళిద్దర్నీ అన్నాలు తినమని పంపించాడు. వాళ్ళు దూరం వెళ్ళేదాకా ఆగాడు.

“నేను కాదు.”

“ఏంటి మావయ్యగారూ?”

“చూసింది నేను కాదు. మీ అత్త.”

పక్క స్థలంలో కాంక్రీటు మిల్లరు తిరుగుతోంది. ప్రీతికి సరిగ్గా వినపడలేదేమోననిపించింది.

“దానిదీ పుర్రచెయ్యి. తట్ట మోస్తూ చూసి నేర్చేసుకుంది. నాకంటే సమంగా పెడుతుంది వరస. ఆడది తాపీ పట్టకూడదు మా పనిలో. మొయ్యాలంతే. గొడుగుపేటలో ఒకాయన ఇంటికి కడుతుంటే, నాకు జ్వరమొచ్చి కూర్చుంటే ఏడు వరసలు పెట్టింది. ఆయన మేడ మీంచి చూశాడు. ఆడదాని చేత కట్టిస్తావా నా ఇంటికి అని ఏడు వరసలూ పీకించాడు. దాని చేతే పీకించాడు.” ఆయన తాపీ అంచు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. “తర్వాత వీధిలోకి కనపడని గోడలు కట్టేది. వెనక గోడలు, దొడ్ల గోడలు. ఎవరికీ చెప్పలేదు. జేమ్స్‌గాడికీ తెలీదు.”

“మరి ఆ ఆదివారం...”

“బియ్యం చెరుగుతా వచ్చి చూసి అంది. నేను మళ్ళీ అన్నాను, నీకు వినపడేట్టు.” ఆయన మొదటిసారి ఆమె మొహం చూశాడు. “నువ్వు నా పేరు చెప్పొచ్చానంటే నాకు ఎలా ఉంటది? దాని ముందు, అన్నం తినేచోట?”

ప్రీతికి ఆ ఆదివారం గుర్తొచ్చింది. వెనక నుంచి చేట చప్పుడు. ‘వీడిది పుర్రచెయ్యి’ అన్న మాట నిజంగానే రెండుసార్లు వినపడింది. మొదటిసారి ఆమె తలెత్తలేదు. ‘తట్టలు మోసేవాళ్ళు కాదు సార్, మేస్త్రి.’ వెంకటరమణతో ఆ మాట అన్నది కూడా తనే.

“ఆ పటాలు దానికి చూపించు,” అన్నాడు జీవానందం. “నాకూ అంత బాగా కనపడదు.”

ప్రేమమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ప్రీతి చెప్పింది విని, చేతిలో ఉన్న లుంగీని గట్టిగా దులిపింది.

“నోరొచ్చిందా ఆయనకి? ఇన్నేళ్ళు దాచి, ఇవాళ కోడలికి చెప్పుకోవాలా?”

“నేను తప్పు చేశాను అత్తయ్యా. మీరంటే వినలేదు.”

“నువ్వొక్కదానివే వినలేదా ఏంటి?” లుంగీ తీగ మీద పడింది. “నాకే పేరూ వద్దు. పని చూసుకో.”

ప్రీతి నాలుగు ఫోటోలూ చాప మీద పరిచి, గాలికి ఎగరకుండా మూలల మీద పచ్చడి సీసాలు పెట్టింది. ప్రేమమ్మ చూడనట్టే రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. మూడోసారి ఆగింది. తర్వాత కూర్చుంది. తర్వాత చాప మీద మోచేతులు ఆన్చి, ముక్కు కాగితానికి తగిలేంత వంగింది.

“ఇది వాడిదే,” అంది లైబ్రరీ గోడ మీద ఎడంచేతి వేలు పెట్టి. “ఇక్కడ చేతికి దెబ్బేదో తగిలింది వాడికి. ఈ నాలుగు వరసలూ నెమ్మదిగా పెట్టాడు. చర్చి వాడిది కాదు. స్టేషనూ కాదు. ఈ గుర్రాల కొట్టం...” చాలాసేపు చూసింది. “తెలీదు. పటంలో తెలీదు ఇది. తడిమితే చెప్తా.”

“తెలీదని రాయనా?”

“తెలీకపోతే తెలీదనే రాస్తారు మరి.”

“నాకెలా కనపడుతుంది అత్తయ్యా? నిన్న అందరి ముందూ తప్పు చెప్పాను.”

ప్రేమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. పెరటి చివర నీళ్ళగది. దాని గోడకి ఇప్పటిదాకా సిమెంటు పూత లేదు. ఊరందరి గోడలూ నున్నగా చేసే మేస్త్రి ఇంట్లో ఇదేమిటని కాపరానికొచ్చిన కొత్తలో అడిగితే, నాన్నకి బద్ధకమని చెప్పాడు జేమ్స్.

“కళ్ళు మూసుకో.” ప్రేమమ్మ ఆమె వేలిని ఇటుకల సందులో పెట్టి కిందికి జార్చింది. వేలికి సన్నటి అంచు తగిలింది. గోరు చివర అంత. “ఏ పక్క?”

“ఎడం పక్క.”

వేలు పైకి వెళ్ళింది. కిటికీ దాటింది. “ఇప్పుడు?”

“కుడి పక్క. అత్తయ్యా, కుడి పక్క!” ప్రీతి కళ్ళు తెరిచేసింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తడిమింది. కింద మూడొంతులు ప్రేమమ్మ, పైన ఒక వంతు జీవానందం. ఇద్దరూ ఒకే గోడలో పక్కపక్కన ఉన్నారు, ఎవరికి వారు తెలిసిపోతున్నారు. ఆమెకి గోడని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఎవరూ చూడట్లేదు గనక పెట్టేసుకుంది. పెదాలకి ఇసుక అంటింది.

“పిచ్చిదానా!” అంది ప్రేమమ్మ. నవ్వు ఆపుకోలేకపోయింది.

“అందుకేనా దీనికి పూత పెట్టలేదు మావయ్యగారు?”

ప్రేమమ్మ కింది వరస మీద ఇసుకని అరచేత్తో దులిపింది. “ఆ ముసలావిడ ముప్పై ఏళ్ళు ఉత్తరాలు రాసిందా?” అని అడిగింది.

“రాసిందట.”

“రేపు ఆవిడ కూడా కనపడుతుందా అందులో?”

“కనపడుతుంది.”

“నాలుగు వరసల దగ్గర చేతికి దెబ్బ తగిలిందని ఆవిడకి తెలుసో లేదో.” ప్రేమమ్మ చేతులు చీరకి తుడుచుకుంది. “అది చెప్పడానికైతే వస్తా.”

ప్రీతి అక్కడే నిలబడి వెంకటరమణకి ఫోన్ చేసింది.

“రాసుకున్నావా?” అన్నాడాయన.

“రాశాను సార్. పంపించట్లేదు. చూసింది మా మావయ్యగారు కాదట, అత్తయ్యగారట. ఆవిణ్ణే తీసుకొస్తున్నా రేపు.”

“ఎవరు? ఏం చేస్తుందావిడ?”

“తట్టలు మోసేది సార్.”

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది. “నీకు మతి పోయిందా? తెల్లోళ్ళ ముందు మీ అత్తని కూర్చోబెడతావా? ఇంగ్లీషు ముక్క వచ్చా ఆవిడకి?”

“తెలుగులో చెప్తారు. నేను ఇంగ్లీషులో చెప్తాను. కాగితం మీద మాత్రం సంతకం పెట్టను సార్. రావద్దంటే రాము. మెయిలు నేనే రాస్తాను హెలెన్ గారికి. లేదూ, ఆ నాలుగు గోడల గురించీ శ్రీనివాసరావు గారు చెప్తారంటే చెప్పమనండి.”

ఆయన చాలా మాటలన్నాడు. వాటిలో కొన్ని ఇంటి గురించి, కొన్ని పుట్టుక గురించి. ప్రీతి ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని, రెండో చేతి వేలితో కింది వరస తడుముతూ నిలబడింది. చివరికి ఆయన, “ఆరింటికల్లా ఉండాలి,” అని ఫోన్ పెట్టేశాడు. రమ్మన్నట్టో, బెదిరించినట్టో తెలియలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో అంతకంటే తెలియలేదు.

గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. జీవానందం ఇంత పెందలాడే ఎప్పుడూ రాడు. పెరట్లోకొచ్చి, చాప మీద ఫోటోలూ, పచ్చడి సీసాలూ, గోడ దగ్గర ఇద్దరాడవాళ్ళనీ చూశాడు. భుజం మీద సంచి దించాడు.

“ఉత్తి చేతుల్తో చెప్పడం నాకు రాదు,” అంది ప్రేమమ్మ ఆయన వైపు చూడకుండా, ప్రీతితో. “నొక్కి చూపించాలి. తడి మాలూ, రెండు ఇటుకలన్నా ఉండాలి.”

ప్రీతికి గుడివాడ ఆఫీసు నున్నటి బల్ల కళ్ళ ముందు మెదిలింది. దాని మీద తడి సిమెంటు! నవ్వు గొంతు దాకా వచ్చింది.

జీవానందం సంచిలోంచి తాపీ తీశాడు. పిడి దగ్గర అరిగి, నల్లబడి ఉంది. ఒకసారి అటూ ఇటూ తిప్పి, ప్రేమమ్మ ఎడంచేతి వైపుకి చాపాడు.

“రేపు మూడింటి బండికి వెళ్దాం,” అన్నాడు. “ఇది నువ్వు పట్టుకో. ఇటుకలూ మాలూ నేను మోస్తా.”